కాకి వాలింది, తాటిపండు రాలింది

తర్కం కాస్త చదువుకున్నవారికి కాకతాళీయ న్యాయం కొత్తది కాదు. తాటిచెట్టు మీద కాకి వచ్చి వాలింది. ఆ క్షణానే పండు రాలిపడింది. కాకి వాలడం వల్లనే పండు రాలిందని చూసినవాడు నిశ్చయించుకుంటాడు. పండు ముగ్గి తొడిమ ఊడడానికి సిద్ధంగా ఉన్నదన్న సంగతి అతనికి పట్టదు. ఈ మాటకు అర్థం బడిలో పిల్లలకు కొన్ని పదులసార్లు చెప్పి ఉంటాను. అయినా నా కారు బ్యాటరీ ముచ్చటగా మూడుసార్లు మొండికేసేదాకా ఆ న్యాయం నాకే సరిగా తెలియదని ఈనాడు ఒప్పుకుంటున్నాను.

తెలుగు పండితుడికి కారు కరెంటుతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. కానీ చివరిదాకా చదివిన తరవాత నవ్వండని మనవి.

సంగతి ఇది. 2019లో ఒక చిన్న కారు, ఒకరు వాడినది, కొన్నాను. అందులో పాటలపెట్టె లేదు. మా తెనాలిలోనే ఒక దుకాణంలో స్టీరియో సెట్టు ఒకటి, ముందు సీటు కింద పట్టే ఆంప్లిఫయరు ఒకటి, నాలుగు స్పీకర్లు బిగించారు. బిగించినవాడు పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు. చురుకైనవాడు. గంటన్నరలో పని ముగించాడు. ఘంటసాల గొంతు కారు నిండా పరుచుకున్నది. నా ఆనందానికి అంతు లేదు.

నెల తిరగకుండానే కష్టాలు మొదలయ్యాయి. రెండు రోజులు కదపకుండా ఉంచిన కారు మూడోనాటి పొద్దున సెల్ఫు అందుకోలేదు. టక్ టక్ మని ఊరుకుంది. పక్కింటివారు బ్యాటరీ పోయిందన్నారు. పాతదిచ్చి కొత్తది వేయించాను. పదిహేను రోజుల తరవాత బంధువుల ఇంట పెళ్ళికి రైల్లో వెళ్ళి నాలుగు రోజులకు తిరిగివస్తే మళ్ళీ అదే కథ. ఈసారి ఒక మెకానిక్కు డైనమో చార్జింగు చేయడం లేదన్నాడు. దానిని విప్పించి బాగుచేయించాను. మూడోసారి మరొకాయన సెల్ఫు మోటారే దోషి అన్నాడు. అదీ అయింది. ముగ్గురికీ ఇచ్చిన సొమ్ము పాటలపెట్టె వెలను దాటిపోయింది. జబ్బు మాత్రం అలాగే ఉంది.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. ముగ్గురిలో ఎవ్వరూ ఒక్క కొలత కూడా తీయలేదు. ప్రతివారూ లక్షణం విన్నారు, ఒక వస్తువు పేరు చెప్పారు, మార్చారు. దీనిని చికిత్స అనరు. చీకట్లో బాణం వేయడమంటారు.

ఇంతలో మరొక విచిత్రం. ఒకనాటి రాత్రి పొన్నూరు నుంచి తెనాలికి వస్తున్నాము. పక్కన మా ఇంటావిడ ఉన్నది. వెనక నుంచి ఒక లారీ హారను మోత మోగిస్తూ మా కారును ఒరుసుకుంటున్నంత దగ్గరగా దాటిపోయింది. దాని వెనకే వచ్చిన మోటారు సైకిలు మనిషి మా కారు పక్కకు వచ్చి "పెద్దాయనా, వెనక లైట్లు లేవు, చూసుకోండి" అని కేకవేశాడు. దిగి చూస్తే నిజమే. వెనక ఎర్ర దీపాలు రెండూ లేవు. డ్యాష్‌బోర్డు మీటర్ల వెలుగు కూడా లేదు. ఆ వెలుగు రెండు మూడు రోజులుగా లేదని నాకు తెలుసు. పోనిద్దూ అనుకున్నాను. ఆ వెలుగూ వెనక దీపాలూ చాలా కార్లలో ఒకే ఫ్యూజు మీద నడుస్తాయని, ముందు వెలుగు పోయిందంటే వెనక్కి వెళ్ళి చూసుకోవాలని ఆనాటికి నాకు తెలియదు. బ్రేకు దీపాల దారి వేరు. అవి వెలుగుతుంటే అన్నీ బాగున్నట్టే భ్రమ కలుగుతుంది.

మర్నాడు దారి పక్క షెడ్డులో చూపించాను. ఫ్యూజు కాలిందన్నారు, మరొకటి వేశారు, దీపాలు వెలిగాయి. మళ్ళీ కాలదు కదా అంటే, "ఇక కాలదు సార్, పెద్దది వేశాను" అన్నాడు ఆ మనిషి. ఎంత ధైర్యం చెప్పాడని సంతోషించాను కూడా. ఆ మాటలోని ప్రమాదం తరవాత తెలిసింది.

అప్పటికి నా మనస్సులో దోషి ఎవరో తేలిపోయింది. పాటలపెట్టె పెట్టకముందు ఇవేవీ లేవు. పెట్టిన తరవాత అన్నీ వచ్చాయి. కనుక పాటలపెట్టే దోషి, బిగించిన కుర్రవాడు దోషి. దుకాణానికి వెళ్ళి పదిమందిలో ఆ పిల్లవాడిని కేకలేశాను. వాడు తల వంచుకుని "సెట్టులో తప్పు లేదు సార్" అని మాత్రం అన్నాడు. యజమాని నా వయస్సుకు గౌరవమిచ్చి సెట్టు మార్చి ఇచ్చాడు. కొత్త సెట్టుతోనూ రెండు రోజులకు బ్యాటరీ దిగిపోయింది.

చివరకు నేను వెళ్ళినది నా పాత విద్యార్థి ఒకడి షెడ్డుకు. కార్ల కరెంటు పనే చేస్తాడు. పదో తరగతిలో సంధులు చెప్పలేక నా చేత బెంచీ ఎక్కినవాడు. ఆ సంగతి నాకు గుర్తుంది, వాడికీ గుర్తుంది, ఇద్దరమూ ఎత్తలేదు. కుర్చీ వేసి, టీ తెప్పించి, మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది: "మాష్టారూ, ఏ బాధ ఎప్పుడు మొదలైందో వరసగా చెప్పండి. ఎవరేమన్నారో తరవాత చెబుదురు గాని."

ఈ ఒక్క ప్రశ్నకే నేను వాడికి నూటికి నూరు మార్కులు వేశాను.

ఆ రాత్రి బ్యాటరీని చార్జింగులో ఉంచాడు. మర్నాడు వెళ్ళేసరికి మల్టీమీటరు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇంజను ఆపి ఉండగా బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపించింది. పూర్తిగా నిండిన 12 వోల్టుల బ్యాటరీ చూపవలసిన అంకె అదే. 12.2 దాకా దిగితే సుమారు సగం ఖాళీ అయినట్టు లెక్క. ఇంజను నడుస్తుండగా 14.1 చూపించింది. 13.5 నుంచి 14.5 మధ్య ఎంత ఉన్నా డైనమో తన పని తాను చేస్తున్నట్టే. అంటే బ్యాటరీ నిర్దోషి, డైనమో నిర్దోషి. రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాలూ మొదట వెచ్చించి ఉంటే నా వేల రూపాయలు మిగిలేవి.

"పొద్దున నిండుగా ఉండి రెండు రోజులకు ఖాళీ అవుతోందంటే ఎవరో తాగుతున్నారు మాష్టారూ, ఎవరో చూద్దాం" అన్నాడు.

బ్యాటరీ నెగటివు తీగను విప్పి, ఆ తీగకూ బ్యాటరీ కొనకూ మధ్య మీటరును పెట్టాడు. ఒక్కసారిగా కరెంటు దూకి మీటరులోని ఫ్యూజు పోకుండా ముందు ఒక విడి తీగతో పక్కదారి కల్పించి, తరవాత దానిని తీసివేశాడు. మీటరు అలా ఉన్నప్పుడు పొరపాటున కూడా సెల్ఫు కొట్టకూడదని తాళం చెవి తన జేబులో వేసుకున్నాడు. తలుపులన్నీ మూసి, లోపలి దీపం ఆరిందని చూసి, అరగంట ఆగాము. ఎందుకు ఆగడమంటే, ఈ కాలపు కార్లలో తాళం తీసిన వెంటనే అన్నీ నిద్రపోవట. ఒక్కొక్కటే సద్దుమణుగుతుందట. ఆ లోపల చూసిన అంకెను నమ్మకూడదట.

నిద్రపోయిన కారు 0.05 ఆంపియర్లకు మించి తాగకూడదు. మా కారు 0.70 తాగుతోంది. లెక్క వేసి చూడండి. మా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. గంటకు 0.70 చొప్పున పోతే 50 గంటలకు అడుగంటుతుంది. అంతకు ముందే సెల్ఫుకు శక్తి చాలదు. రోజూ నడిపితే లేచే కారు రెండు రోజులు ఆపితే ఎందుకు లేవడం లేదో ఈ గుణకారం విప్పి చెప్పింది. ఇందులో జ్యోతిషం లేదు, అదృష్టం లేదు.

ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూడడం మొదలుపెట్టాడు. హారనుది తీశాడు, అంకె కదలలేదు. తిరిగి పెట్టాడు. వైపరుది తీశాడు, కదలలేదు. రేడియోది తీయగానే అంకె 0.02కు పడిపోయింది. నేను కుర్చీలో నుంచి లేచాను. "చూశావా! సెట్టే! నేను మొదటినుంచీ అదే అంటున్నాను!"

వాడు నవ్వి, "ఇంకా కాదండి మాష్టారూ. ఈ ఫ్యూజు దారిలో ఎవరో ఉన్నారని మాత్రమే తేలింది. సెట్టని తేలలేదు" అన్నాడు. ఫ్యూజు మళ్ళీ పెట్టి, సెట్టును ముందుకు లాగి, వెనక కప్లరు ఊడదీశాడు. సెట్టు ఇప్పుడు కారుతో సంబంధం లేకుండా నా చేతిలో ఉన్నది. మీటరు 0.68 చూపిస్తోంది.

అన్వయ వ్యతిరేకాలని మన శాస్త్రకారులు చెప్పినది ఇదే. ఇది ఉంటే అది ఉండడం అన్వయం. ఇది లేకుంటే అది లేకపోవడం వ్యతిరేకం. రెండూ కుదిరితేనే కార్యకారణ సంబంధం. నేను అన్వయం ఒక్కటే చూసి తీర్పు చెప్పాను. సెట్టు వచ్చింది, బాధ వచ్చింది. సెట్టును తీసివేస్తే బాధ పోతుందా అన్న రెండో ప్రశ్న నేను వేయలేదు. పదో తరగతి తెలుగులో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు వేశాడు.

దొంగ దొరకడానికి మరి పది నిమిషాలు పట్టింది. సెట్టు వెనక నల్ల టేపు చుట్టిన ముడి ఒకటి ఉన్నది. మన ఎండలకు టేపు జిగురు కరిగి జారిపోయింది. ఆ ముడిలో మూడు తీగలు మెలిపెట్టి ఉన్నాయి. ఎప్పుడూ కరెంటు ఉండే పసుపు తీగ, తాళం తిప్పితేనే కరెంటు రావలసిన ఎర్ర తీగ, ఆంప్లిఫయరును నిద్రలేపే నీలం తెలుపు చారల తీగ. మూడింటినీ ఎప్పుడూ కరెంటు ఉండే దారికే కలిపారు. దానితో సీటు కింద ఆంప్లిఫయరు రాత్రింబవళ్ళు మేలుకునే ఉన్నది. పాట లేదు, పల్లవి లేదు, ఊరికే మేలుకుని బ్యాటరీని తాగుతున్నది. సెట్టు ఊడదీసినా ముడి కారు వైపునే ఉన్నది కనుక దానికి కరెంటు ఆగలేదు.

అప్పుడు గుర్తుకు వచ్చింది. సీటు కింద పెట్టె పొద్దున్నే వెచ్చగా ఉంటున్నదండీ అని మా ఇంటావిడ రెండుసార్లు అన్నది. ఎండ వేడి అన్నాను. తెల్లవారుజామున ఎండ ఎక్కడిదని ఆమె తిరిగి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నేను వినిపించుకుని ఉంటే ఇంకా బాగుండేది.

ఆ ముడి ఎందుకు వేశారో కూడా గుర్తుకు వచ్చింది. ఇది రాయడానికే నాకు సిగ్గుగా ఉన్నది. గుడి దగ్గర కారు ఆపుకుని కూర్చుంటే తాళం తీసినా పాటలు రావాలని ఆ కుర్రవాడిని అడిగినది నేనే. "అలా కలిపితే బ్యాటరీ దిగుతుంది సార్" అని వాడు నసిగితే, "ఎంత దిగుతుందిలే" అన్నదీ నేనే. నిజానికి తాళాన్ని ఒక్క మెట్టు తిప్పితే ఇంజను లేకుండానే పాటలు వస్తాయి. దానికి తీగలు కలపవలసిన పనే లేదు.

పాత ముడి విప్పి, ఎర్ర తీగను దాని స్థానంలో, నీలం తెలుపు తీగను సెట్టు నుంచి వచ్చే అదే రంగు తీగతో కలిపి, టంకం వేసి, వేడికి బిగిసే గొట్టం తొడిగాడు. మీటరు 0.04కు వచ్చింది. ఆ లెక్కన నెల రోజులు కదపకపోయినా బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాదు.

ఇక వెనక దీపాల కథ. ఫ్యూజు పెట్టె చూస్తూ చూస్తూ వాడి ముఖం మారిపోయింది. "ఇది ఎవరు వేశారు మాష్టారూ?" అన్నాడు. పది ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు ఉండవలసిన చోట ముప్పై ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు ఉన్నది. సెట్టు వెనక వాడకుండా వదిలేసిన నారింజ రంగు తీగ ఒకటి, మీటర్ల వెలుగుతో పాటు సెట్టు వెలుగును మార్చడానికి ఇచ్చినది, కొన టేపు వేయకుండా వేలాడుతోంది. అందులోకి దీపాల కరెంటు వస్తుంది. గతుకుల్లో అది వెనక ఉన్న ఇనుప పట్టీకి తగిలినప్పుడల్లా షార్టు. చిన్న ఫ్యూజు ఉన్నన్నాళ్ళు కాలిపోయి మమ్మల్ని కాపాడింది. పెద్దది వేసిన తరవాత అది కాలలేదు. దాని బదులు తీగ కాలడం మొదలుపెట్టింది. లాగి చూపించాడు. జానెడు మేర తీగ పైతొడుగు మెత్తబడి, నల్లబడి, పక్క తీగకు అతుక్కుని ఉన్నది.

కొండ మీద పొగ చూసి నిప్పును ఊహించడం తర్కంలో మొదటి పాఠం. కారులో పొగ కనబడేదాకా ఆగితే ఆ పాఠం చెప్పడానికి మనిషి మిగలకపోవచ్చు. ఆ సీటులో నా పక్కన ఎవరు కూర్చుంటారో మీకు ముందే చెప్పాను.

ఫ్యూజు గురించి మనకు ఒక దురభిప్రాయం ఉన్నది. అది సెట్టును కాపాడుతుందనుకుంటాము. కాదు, అది తీగను కాపాడుతుంది. తీగ ఎంత మోయగలదో చూసి దానికి తగిన ఫ్యూజు పెడతారు. మాటిమాటికీ ఫ్యూజు కాలుతున్నదంటే అది ఎక్కడో తప్పున్నదని చెబుతున్నది. చెప్పేవాడి నోరు నొక్కితే తప్పు పోదు. పెద్ద ఫ్యూజు వేయడం, వెండి కాగితం చుట్టడం, రాగి పోగు కట్టడం, ఇవన్నీ నోరు నొక్కడాలే. ఈ పని చేసేవాడిని మనం పనితనం తెలిసినవాడని మెచ్చుకుంటున్నాము. నేనే మెచ్చుకున్నాను.

కారులో రేడియో తగవు ఈనాటిది కాదు. అమెరికాలో గాల్విన్ సోదరులు 1930లో కారు రేడియోను జనానికి అందుబాటులోకి తెచ్చినప్పుడే ఇంజను ప్లగ్గుల నిప్పురవ్వల మోత రేడియోలో దూరకుండా చేయడం పెద్ద పని అయింది. మోటరోలా అన్న పేరు ఆ రేడియోతోనే పుట్టింది. ఈనాటికీ ఇంజను వేగంతో పాటు పెరిగే సన్నని ఈల స్పీకర్లలో వినబడుతోందంటే చాలామంది స్పీకర్లు మారుస్తారు. చాలాసార్లు తప్పు ఎర్తులో ఉంటుంది. రంగు గీకకుండా బిగించిన ఎర్తు, తుప్పు పట్టిన బోల్టు, బ్యాటరీ తీగ పక్కనే పరిచిన పాటల తీగ, వీటిని చూసిన తరవాతనే స్పీకర్ల జోలికి పోవాలి. పాట హోరుకు హెడ్‌లైట్లు మిణుకుమంటున్నా మొదట అనుమానించవలసినది ఎర్తును, బ్యాటరీ కొనలను.

వ్యాకరణంలో ఆగమమని, ఆదేశమని రెండున్నాయి. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుంది. పేద, ఆలు కలిసేటప్పుడు మధ్యలో రుగాగమం చేరి పేదరాలు అవుతుంది. పేదకు గాని ఆలుకు గాని నష్టం లేదు. ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదానిని తోసివేసి దాని చోట కూర్చుంటుంది. కారుకు బయటినుంచి ఏది తెచ్చి చేర్చినా అది ఆగమంలా చేరాలి. కారు తీగను కోయకుండా, దాని ఫ్యూజు మార్చకుండా, దానికి తగిన కప్లరు తెచ్చి తగిలించాలి. ఆ కప్లరు వెల సెట్టు వెలలో ఏ మూలకూ రాదు. దానిని మిగుల్చుకోవడానికి మనం తీగలు కోయిస్తున్నాము.

కొత్త కార్లలో సెట్టు కంపెనీవారే ఇస్తున్నారు కదా, ఈ గొడవ ఎవరికని అడగవచ్చు. సెట్టు పోయి ఇతర వస్తువులు వచ్చాయి. వెనక కెమేరా, ముందు కెమేరా, రంగుల దీపాలు, కారు ఎక్కడున్నదో చెప్పే పెట్టె, ఇవన్నీ ఈనాడు అదే టేపుతో, అదే మెలికతో బిగుస్తున్నాయి. పైగా కొత్త కార్లలో భాగాలన్నీ ఒకదానితో ఒకటి సన్నని తీగల మీద మాట్లాడుకుంటాయి. అందులో చెయ్యి పెడితే జబ్బు ఒకచోట, నొప్పి మరొకచోట. తెలుసుకోవలసిన అవసరం తగ్గలేదు, పెరిగింది.

అన్నీ యజమాని తెలుసుకోవాలా అన్నది మరొక ప్రశ్న. అక్కరలేదు. వైద్యం రానివాడు కూడా నాడి చూడకుండా మందిచ్చే వైద్యుడి దగ్గరనుంచి లేచి రాగలడు. కొలత తీయకుండా వస్తువు మార్చమనేవాడి దగ్గర "ఎంత చూపించిందయ్యా?" అని ఒక్క మాట అడిగితే చాలు. అడగనిదే మీటరు కొనేవాడు లేడు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. నేను కేకలేసిన కుర్రవాడు. నా గొడవ తరవాత సెట్టు మార్చిన ఖర్చు కింద యజమాని వాడి కూలిలో కోత పెట్టాడని నా విద్యార్థి ద్వారా తెలిసింది. మర్నాడే దుకాణానికి వెళ్ళాను. ఏ పదిమందిలో తిట్టానో అటువంటి పదిమందిలోనే చెప్పాను. ఈ అబ్బాయి సెట్టులో తప్పు లేదన్నాడు, అది నిజం. తీగలు కలపమన్నది నేను. కొన టేపు వేయకుండా వదలడం మాత్రం వీడి తప్పు, అది ప్రాణం మీదికి తెచ్చే తప్పు. కోసిన సొమ్ము నేనిచ్చాను. వాడు తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. ఆ నారింజ తీగ ఎందుకుంటుందో తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. "ఎవరూ చెప్పలేదు సార్. అన్న చేస్తుంటే చూసి నేర్చుకున్నాను."

డబ్బాలో కాగితం ఉంటుంది కదా అన్నాను. ఉంటుంది, ఇంగ్లీషులో ఉంటుందన్నాడు.

నన్ను కలచివేసినది ఈ మాటే. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను. ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలు చెప్పాను. ఈ పిల్లవాడి చేతిలో రోజూ నలిగే తీగలకు తెలుగులో ఒక పుట లేదన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు. తెలుగు బ్రతకాలని మనమంతా ఇక్కడ ఎంతో రాసుకున్నాము. భాష బ్రతికేది పని జరిగే చోట. ఆ చోట్లకు మన అక్షరం చేరలేదు. చేరుద్దామనుకున్నవారు కొందరు ఎవరికీ నోరు తిరగని సమాసాలు పట్టుకుని బయలుదేరారు. ఫ్యూజును ఫ్యూజు అనే అందాము, ఎర్తును ఎర్తు అనే అందాము. ఆ మాటలు షెడ్డులో ఎప్పుడో తెలుగైపోయాయి. రావలసినవి మాటలు కావు, వాక్యాలు. ఇది ఎందుకు, ఇలా చేయకపోతే ఏమవుతుంది అని చెప్పే వాక్యాలు.

అందుకని నేనూ నా విద్యార్థీ కూర్చుని ఒక పుట రాశాము. అచ్చు వేయించి ఆ దుకాణంలో అంటించాము. సారాంశం ఇది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివు తీగ విప్పు. పాజిటివు ముందు విప్పితే పానా కారు ఒంటికి తగిలి నిప్పులు రాలతాయి.

పసుపు తీగ ఎప్పుడూ కరెంటు ఉండేది. సెట్టు జ్ఞాపకం దీని మీద నిలుస్తుంది. ఎర్రది తాళం తిప్పితే వచ్చేది. ఈ రెండూ కలపవద్దు. తాళం తీయగానే సెట్టు అన్నీ మరచిపోతుంటే ఈ రెండూ తారుమారయ్యాయేమో చూడు. కొన్ని కార్లలో కప్లరులోనే ఇవి అటుదిటు ఉంటాయి.

నల్లది ఎర్తు. రంగు గీకి, మెరిసే ఇనుముకు బిగించు.

నీలం తెలుపు చారలది ఆంప్లిఫయరును లేపేది. దీనిని సెట్టు నుంచే తీసుకో.

నారింజది వెలుగుది. వాడకపోతే కొన మూసి కట్టు. గాలికి వదలవద్దు.

తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా రంగులవి స్పీకర్లవి. నల్ల చార ఉన్నది దాని జత. స్పీకరు నెగటివును ఎర్తుకు కలిపితే సెట్టు పోతుంది.

ఈ రంగులు సెట్టువి. కారు తీగల రంగులు వేరు. వాటిలో రంగును నమ్మవద్దు, మీటరును నమ్ము.

ఆంప్లిఫయరుకు బ్యాటరీ నుంచి వచ్చే తీగకు బ్యాటరీ దగ్గరలోనే, మూరెడు లోపల, ఫ్యూజు ఉండాలి. కాలిన ఫ్యూజుకు బదులు అంతే ఆంపియర్లది వేయి. మళ్ళీ కాలితే కారణం వెతుకు.

చేసిన పని కాగితం మీద రాసి కారులో పెట్టు. రేపు విప్పేవాడికి అది దారి.

ఆ చివరి మాట కుర్రవాడే చేర్చమన్నాడు. మునుపు ఎవరో వేసిన ముళ్ళు విప్పలేక తాను పడిన అవస్థ వాడికి తెలుసు. ఈ మధ్య వెళ్ళినప్పుడు చూస్తే దుకాణంలో ఒక మీటరు కూడా ఉన్నది. యజమాని కొన్నాడట. ప్రతి బండికీ పని ముగించాక కుర్రవాడు కొలత తీసి కాగితం మీద వేస్తున్నాడు. అక్షరదోషాలు ఉన్నాయి. నేను దిద్దలేదు. అంకె సరిగా ఉన్నది.

మిత్రులలో ఇటువంటి పనులు తెలిసినవారు ఉన్నారని ఎరుగుదును. పంపుసెట్టు కావచ్చు, ఇన్వర్టరు కావచ్చు, గ్యాసు పొయ్యి కావచ్చు. తలా ఒక పుట రాయండి. పని చేసే పిల్లవాడికి అర్థమయ్యేటట్టు రాయండి. పై పుటలో తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి, దిద్దుకుంటాను.

కాకి వాలింది నిజం. పండు రాలింది నిజం. కాకిని తిట్టబోయే ముందు ఒకసారి తొడిమను చూడండి.